రాసే దొర ఉయ్యాల

నేను ఒక ఉయ్యాలను. నాకు అన్నిటికంటే భయం ఖాళీగా ఊగడం.

ఖాళీ ఉయ్యాలను ఊపితే అందులో పడుకున్న బిడ్డకు కడుపునొప్పి వస్తుందని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. నిజమా అని నన్నడక్కండి. నన్ను చేసినవాళ్ళు నమ్మారు, నాలో బిడ్డల్ని వేసినవాళ్ళు నమ్మారు. వాళ్ళ అరచేతుల వేడితో పాటు ఆ భయం కూడా నా చెక్కలోకి ఎక్కిపోయింది. ఇప్పుడు నేనుండేది మ్యూజియంలో. అక్కడ నన్ను పన్నెండేళ్ళపాటు ఖాళీగానే ఊపారు. ఆ పాపం ఎవరికి తగిలిందో, అందులో నా వాటా ఎంతో చెప్పుకుంటే గాని నాకు తీరేలా లేదు.

మా ఊరు రేవులపాలెం. గోదావరి కాలువ ఒడ్డున ఉంటుంది. కాలువలో నీళ్ళు ఎక్కువ తక్కువలుగా ఉన్నచోట పడవల్ని దాటించడానికి పెద్ద పెద్ద తలుపులు ఉండేవి. వాటిని లాకులు అంటారు. ఆ లాకుల మీద పనిచేసే అప్పన్న భార్య పైడమ్మకు రెండు కాన్పులు పోయాయి. మూడోసారి ఏడో నెల నడుస్తుండగా కాలువలో ఆఖరి సరుకు పడవను ఒడ్డుకు లాగి విప్పేశారు. లారీలు వచ్చాక పడవలతో పనేముంది? ఆ టేకు చెక్కలు కొన్ని అప్పన్న భుజాన వేసుకొని వడ్రంగి వీరభద్రాచారి ఇంటికి తీసుకెళ్ళాడు.

"పాత చెక్కతో ఉయ్యాలేంటండి ఆచారిగారూ, ఏమన్నా అవుద్దేమో" అని గుమ్మంలో నిలబడి పైడమ్మ భయపడింది.

"నలభై బస్తాల ధాన్యం మోసిన చెక్కమ్మా ఇది. నీ కొడుకుని మోయలేదంటావా?" అన్నాడు ఆచారి.

ఆయన నన్ను చేయడానికి నెల పట్టింది. నా నాలుగు మూలలా చిలకలు చెక్కాడు. అందులో ఒకటి కొంచెం కాకిలా వచ్చింది. ఇనుప గొలుసులు తగిలించి ఒకసారి ఊపి చూసి, తెరచాప తాడు లాగినప్పుడు పడవ చేసే చప్పుడే వినిపించేసరికి నవ్వుకున్నాడు. ఆ కిర్రుమనే చప్పుడు నాకు పుట్టుకతో వచ్చింది. దానివల్లే నాకు గౌరవం వచ్చింది, దానివల్లే కథ ఇంతదాకా వచ్చింది.

బిడ్డ పుట్టాడు, బతికాడు. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టారు. ఆచారి వచ్చి నన్ను బోర్లించి, అడుగు చెక్క మీద ఉలితో రాశాడు: 'లాకుల అప్పన్న కొడుకు గవర్రాజుకి. వీ. ఆచారి. పందొమ్మిది వందల డెబ్బై రెండు.' తర్వాత పైడమ్మ తల్లి పచ్చళ్ళు నూరే పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, బిడ్డకంటే ముందు నాలో పడుకోబెట్టింది. మూడుసార్లు ఊపింది. బిడ్డ ఆ రాయిలా గట్టిగా ఉండాలని అలా చేస్తారు. నా మొదటి బరువు రాయి. రెండో బరువు గవర్రాజు. రెండూ సుమారు ఒకటే తూకం.

ఆ తర్వాత మా వీధిలో ఎవరింట్లో కాన్పైతే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఎంతమంది బిడ్డలో లెక్కపెట్టలేదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మోసుకెళ్ళేటప్పుడు కూడా నాలో ఆ పొత్రమో, ఒక గుప్పెడు ధాన్యమో వేసేవాళ్ళు. ఒక్క గడప కూడా నన్ను ఖాళీగా దాటనివ్వలేదు. చదువురాని ఆడవాళ్ళు నాకిచ్చిన మర్యాద అది.

పైడమ్మ పోయింది. లాకుల క్వార్టర్లు కూలగొట్టేటప్పుడు అప్పన్న నన్ను తెచ్చి, చర్చి పక్కనున్న మిషన్ బంగళా వెనక సామాన్ల గదిలో పెట్టి, "గవర్రాజుకి పిల్లలు పుట్టినప్పుడు పట్టుకెళ్తానండి" అని ఫాదరుగారికి చెప్పాడు. గవర్రాజు అప్పటికి ఎక్కడో రైస్ మిల్లులో పనిలో ఉన్నాడు. అతను పెళ్ళే చేసుకోలేదు. అప్పన్నా పోయాడు. ఇరవై ఏళ్ళు నేను విరిగిన బెంచీల కింద పడి ఉన్నాను. ఆ చీకట్లోనే నా అడుగు చెక్కలోకి పురుగు చేరింది. పైకి ఏమీ కనపడదు. లోపల పిండి పిండి.

ఇక మీకు రాసే దొర సంగతి చెప్పాలి.

నూట ముప్పై ఏళ్ళ కిందట ఆ బంగళాలో ఒక జర్మన్ పాదిరీగారూ ఆయన భార్యా ఉండేవారట. వాళ్ళకు అక్కడే ఒక కొడుకు పుట్టాడు. పేరు ఆర్నో వైసెల్‌బర్గ్. ఐదేళ్ళప్పుడు ఓడెక్కి వెళ్ళిపోయి, అక్కడ చదువుకొని, పెద్ద రచయిత అయ్యాడు. ఎంత పెద్దంటే, వాళ్ళ దేశంలో బళ్ళో పిల్లలందరూ ఆయన రాసింది చదవాల్సిందేనట. మా ఊళ్ళో మాత్రం ఆయన పుస్తకం ఒక్కటి కూడా ఎవరూ చదవలేదు, మా కృపానందం మాస్టారు తప్ప.

కృపానందం మాస్టారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఊరికి ఏదో ఒక గొప్ప ఉండాలని ఆయన ఆరాటం. ఒక డిక్షనరీ పక్కన పెట్టుకొని ఆరేళ్ళు కూర్చుని జర్మన్ నేర్చుకున్నారు. దొర పేరు మీద ఉన్న ఒక సంఘానికి ఉత్తరాలు రాశారు. చర్చి కమిటీని ఒప్పించి, బంగళా ముందు గదుల్లో మ్యూజియం పెట్టించారు. దొర చిన్నప్పటి ఫొటో, ఆయన తల్లి కుట్టిన దిండు గలీబు, ఒక గాజు బీరువా నిండా ఎవరికీ రాని భాషలో పుస్తకాలు. చూడ్డానికి వచ్చేవాళ్ళెవరంటే, చలికాలంలో రెండు మూడు జట్లు జర్మన్లు, నవంబరులో ఒకసారి బడిపిల్లలు, మిగతా రోజుల్లో పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంటలు. ఆ జంటలు దొర బల్ల ముందు కూర్చుని, రానిది రాస్తున్నట్టు కలం పట్టుకొని ఫొటో దిగుతారు. మనుషులకు చదవడం కంటే చదివినట్టు కనపడటం ఇష్టం. ఉయ్యాలను, నాకెందుకు లెండి.

మొదట్లో నేను అక్కడ లేను. ఒకరోజు జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది. దొర ముసలితనంలో రాసిన ఒక పుస్తకంలో, తాను పసితనంలో పడుకున్న ఉయ్యాల పడవలా కిర్రుమనేదని, ఆ చప్పుడు చచ్చేదాకా చెవిలో ఉంటుందని రాసుకున్నాడట. 'ఆ ఉయ్యాల ఇంకా ఉందా?' అని వాళ్ళు అడిగారు.

ఆ ఉత్తరం చేత్తో పట్టుకొనే మాస్టారు సామాన్ల గదికి వచ్చారు. అంతా వెతికారు. చెమటతో, ఒళ్ళంతా బూజుతో బెంచీ మీద కూలబడ్డారు. కాలు తగిలి నేను కిర్రుమన్నాను. ఆయన నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆ తర్వాత మెల్లగా, నాతో కాదు తనతోనే అన్నట్టు, "ఉంది" అన్నారు.

ఆ ఒక్క మాటే ఆయన అబద్ధం. దాన్ని నిలబెట్టుకోవడానికి తప్ప, అంతకు ముందుగాని తర్వాతగాని ఆయన ఎవరినీ మోసం చేసినట్టు నేను ఎరగను. నా అడుగు మీద రాసినది ఆయన చూడలేదు. చూసుంటే ఏం చేసేవారో నాకు తెలియదు. నాకు తెలిసింది నా సంగతే. నన్ను తుడిచి, వార్నీషు పూసి, తెల్లటి లేసుగుడ్డ పరిచి, బంగళా దూలానికి వేలాడదీస్తుంటే నాకు గర్వం వచ్చింది. పైడమ్మను మరిచిపోయాను. కాకిలా ఉన్న చిలకను కూడా మరిచిపోయాను.

ఎవరైనా రాగానే మాస్టారు వేలు పెట్టి నన్ను తోసేవారు. "వినండి" అనేవారు. నేను కిర్రుమనేదాన్ని. దూరదేశపు పెద్దవాళ్ళు కళ్ళు మూసుకునేవాళ్ళు. ఒక ముసలావిడ ఏడ్చేసింది. లోపల ఏమీ లేదు, గుడ్డ తప్ప.

మ్యూజియంలో టీ కావాలంటే లాకుల దగ్గర టీకొట్టు నుంచి వచ్చేది. కొట్టు గవర్రాజుది. అవును, నా గవర్రాజే. యాభై దాటాడు, జుట్టు నెరిసింది. ఫ్లాస్కు పట్టుకొని వచ్చి నా ముందే నిలబడేవాడు. నన్ను గుర్తుపట్టలేదు. పసివాళ్ళు ఉయ్యాలను గుర్తుపెట్టుకోరు, దాన్ని నేను మనసులో పెట్టుకోను. కాని అతని ఎడమ చెయ్యి ఎప్పుడూ పొట్ట మీదే ఉండేది.

"మళ్ళీనా గవర్రాజూ?" అని మాస్టారు అడిగేవారు.

"ఎన్ని మందులు మింగినా ఇంతేనండి. డాక్టరుగారు కెమెరా కూడా ఏసి చూశారండి. లోపలంతా బంగారంలా ఉందంట. బంగారమైతే ఇంత నొప్పెందుకండీ?" అనేవాడు నవ్వుతూనే.

నన్ను ఊపిన రోజే అతనికి నొప్పి వచ్చేదని నేను ప్రమాణం చేయలేను. రాలేదని కూడా చేయలేను.

పోయిన ఏడాది వానాకాలంలో ఊడ్చి తుడిచే పనికి దీవెన వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. మొగుడు చేపల లారీ తోలుతాడు, పది రోజులకోసారి వస్తాడు. అత్త లేదు, తల్లి లేదు. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల, శారోను.

"ఎక్కడ పనికెళ్ళినా పిల్లని తేవద్దంటున్నారండి. ఎవరి దగ్గర పెట్టి రానండి? ఇక్కడైతే ఆ బీరువా ఎనకాల పడుకోబెట్టుకుంటానండి. కుక్కినట్టు పడుంటదండి" అంది మాస్టారుతో.

"ఇది మ్యూజియమమ్మా, నిశ్శబ్దంగా ఉండాలి."

"ఏడిస్తే బయటికి ఎత్తుకెళ్ళిపోతానండి. ఆయ్."

మాస్టారు మంచివారు, ఒప్పుకున్నారు. ఆ పని పోతే ఆ పిల్లకు ఇంకో చోటు లేదని అక్కడున్న గోడలకు కూడా తెలుసు.

శారోను కుక్కినట్టు ఏమీ ఉండేది కాదు. మధ్యాహ్నం మూడు దాటేసరికి కాళ్ళు పొట్టలోకి ముడుచుకొని గుక్కపట్టేది. దీవెన దాన్ని భుజాన వేసుకొని వరండాలో తిరుగుతూ, నిమిషానికోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. నిద్రపోతే నిద్రపోయిందని భయం, ఏడిస్తే ఏడ్చిందని భయం. వాము నీళ్ళు పట్టింది, దిష్టి తీసింది, చర్చిలో ప్రార్థన చేయించింది. ఒకరోజు ఆమె తుడుస్తుండగానే ఎవరో జంట వచ్చారు. మాస్టారు నన్ను ఊపారు. దీవెన చేతిలో గుడ్డ జారిపోయింది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి అంది:

"మాస్టారండీ, ఖాళీ ఉయ్యాల ఊపకూడదండి. పిల్లలకి కడుపునొప్పి వస్తదండి."

"ఎవరి పిల్లలకే? ఆ పిల్లాడు ముసలాడై చచ్చిపోయి అరవై ఏళ్ళయింది."

"ఎవరి పిల్లలో ఉయ్యాలకి తెలీదు కదండి."

మాస్టారు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకు తెలుసు కదా.

"చర్చి ఆవరణలో ఇలాంటి మాటలు మాట్లాడకు. కమిటీవాళ్ళు వింటే అన్యుల ఆచారాలంటారు" అని ఆయన లోపలికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే, ఆయన రాకముందు, దీవెన చీర కొంగులోంచి ఒక మూట తీసింది. వాళ్ళ అమ్మమ్మ పొత్రం. శారోనుకు పొట్టైపోయిన గౌనులో చుట్టి తెచ్చింది. చుట్టూ చూసి, లేసుగుడ్డ ఎత్తి, దాన్ని నాలో పడుకోబెట్టి, పైన గుడ్డ సర్దింది. రెండు చేతులూ జోడించాలా, కళ్ళు మూసి ప్రార్థన చేయాలా తెలియక ఒక క్షణం నిలబడి, చివరికి నా అంచు మీద చెయ్యి వేసి, "ఇంక ఖాళీగా లేవులే" అంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, వినండి.

నా అడుగు చెక్క పుచ్చిపోయిందని నాకు తెలుసు. రాయి పెట్టగానే చెక్క కొంచెం వంగింది. ఆ క్షణంలోనే నేను పెళుక్కుమని ఉంటే దీవెన చూసుకునేది, రాయి తీసేసేది. నేను ఊరుకున్నాను. ఎందుకంటే, ముప్పై ఏళ్ళ తర్వాత నాలో ఒక బరువు పడింది. బిడ్డంత బరువు, బిడ్డ గౌనులో, పాల వాసనతో. నాకు హాయిగా ఉంది. ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనుకుంటూ పళ్ళ బిగువున మోశాను. నన్ను నమ్మి ఆ పిల్ల తన పనిని, పొట్టకూటిని నాలో పెట్టిందని ఆ హాయిలో తోచలేదు.

విచిత్రమేమంటే, బరువు పడగానే నా కిర్రు ఆగిపోయింది. వానలకు ఆ రోజుల్లో ఎవరూ రాక మాస్టారు నన్ను ఊపలేదు, ఆ సంగతి ఆయనకు తెలియలేదు. ఆ నెలంతా శారోను కూడా కాస్త తక్కువ ఏడ్చింది. నా మహిమేమీ కాదు, అయిదో నెల వస్తే పిల్లలకు ఆ నొప్పి తగ్గుతుందంటారు. గవర్రాజు కూడా ఒకరోజు ఫ్లాస్కు దించుతూ, "ఏంటో దీవెనమ్మా, వారం నుంచి మిరపకాయ బజ్జీ తింటున్నా ఏమీ అవట్లేదు" అన్నాడు. దానికి కారణమేమిటో నేను చెప్పలేను. దీవెన మాత్రం నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

డిసెంబరులో దొర సంఘం అధ్యక్షురాలు స్వయంగా వస్తున్నట్టు కబురు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఆ ఉయ్యాల చప్పుడు వినడానికే వస్తున్నానని రాసింది. మాస్టారు వారం రోజులు నిద్రపోలేదు. బంగళాకు సున్నం వేయించారు. నేలను ఎర్రరంగుతో మెరిపించారు. చర్చి కమిటీ పెద్దలు నలుగురూ ఇస్త్రీ చొక్కాలతో వచ్చి వరసగా నిలబడ్డారు. గవర్రాజు ట్రేలో టీ గ్లాసులు పట్టుకొని తలుపు దగ్గర ఉన్నాడు. దీవెన శారోనును చంకనేసుకొని బీరువా పక్కన ఒదిగి నిలబడింది. రాయి తీసేయాలని ఆమె అనుకుంది, నాకు తెలుసు. పొద్దున రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది. రెండుసార్లూ ఎవరో ఒకరు గదిలో ఉన్నారు.

మాస్టారు జర్మన్‌లో ఏదో చెప్పి, వేలితో నన్ను తోశారు.

నేను పలకలేదు.

ఆయన ముఖం మారింది. ఇంకోసారి తోశారు. ముసలావిడ తల వంచి చెవి నా దగ్గరకు పెట్టింది.   ఈసారి మాస్టారు రెండు చేతులతో గట్టిగా తోశారు. ముందుకు వెళ్ళాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. మూడో ఊపుకు నా అడుగు ఫెటీల్మని విరిగిపోయింది.

పసిపిల్ల గౌనులో చుట్టిన మూట దబ్బుమని నేల మీద పడి, ఆవిడ బూట్ల వైపు దొర్లింది. ఆవిడ గుండె చీలినట్టు కేక పెట్టింది. కమిటీ పెద్దల్లో ఒకాయన "ప్రభువా, బిడ్డ!" అని కూర్చుండిపోయాడు. ఒక్క దీవెన మాత్రం ఉరికొచ్చింది. ఒక చంకలో కన్నబిడ్డ ఉండగానే వంగి, రెండో చేత్తో ఆ రాయిని ఎత్తుకొని భుజాన వేసుకొని వీపు తట్టింది. అలవాటు. రెండు తట్లు తట్టాక గాని అది రాయని గుర్తురాలేదు ఆమెకు. అప్పుడు అందరూ ఆమెనే చూస్తున్నారు.

నా అడుగు చెక్క నేల మీద బోర్లాపడి ఉంది. వీరభద్రాచారి ఉలి పెట్టిన అక్షరాలు అంత వెలుగులో అంత స్పష్టంగా నేనే ఎప్పుడూ చూడలేదు. ముసలావిడ ఆ అక్షరాల వైపు వేలు చూపించి మాస్టారును అడిగింది. మాస్టారు చదివారు. పైకి కాదు, లోపలే. దీవెన కూడా చదివింది. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసినా ఆ పిల్ల కూడబలుక్కోకుండా చదువుతుంది. చదివి, తల ఎత్తి, ట్రే పట్టుకొని నిలబడ్డ గవర్రాజును చూసింది. అతని రెండో చెయ్యి పొట్ట మీదే ఉంది.

అక్షరం ముక్క రాని గవర్రాజు ఒక అడుగు ముందుకేసి, "ఏం రాసుందమ్మా దాని మీద?" అన్నాడు.

ఆ గదిలో తెలుగు వచ్చిన కమిటీ పెద్దలు ఇంకా ఆ మూట నుంచి కళ్ళు తిప్పుకోలేదు. మాస్టారు దీవెన ముఖంలోకి చూశారు. పిల్లలకు ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, పరీక్షలో ఏమీ రాయలేని పిల్లవాడిలా చూశారు. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే, విరిగింది దొర ఉయ్యాల కాదు, ఊళ్ళో ఉయ్యాలేనని తేలిపోతుంది. ఆమె మీదికి వచ్చే తప్పు సగం పోతుంది.

"ప్రార్థనంట బాబాయ్" అంది దీవెన.

మాస్టారు అదే మాట జర్మన్‌లో చెప్పారు. ముసలావిడ కన్నీళ్ళు తుడుచుకొని ఆ అక్షరాలను ఫొటో తీసుకుంది. పెద్దలు తేరుకొని దగ్గరికి వచ్చేసరికి మాస్టారు ఆ చెక్కను గుడ్డలో చుట్టేశారు. ఆ ఫొటో ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో ఏదో గోడ మీద ఉండే ఉంటుంది. మా గవర్రాజు పేరు.

సాయంత్రం కమిటీవాళ్ళు కూర్చున్నారు. నూట ముప్పై ఏళ్ళ వస్తువును అన్యాచారంతో పాడుచేసిన పిల్లను ఒక్క రోజు కూడా ఉంచడానికి వీల్లేదన్నారు. మాస్టారు అడ్డు చెప్పలేదు. వాళ్ళు వెళ్ళాక వరండాలో దీవెన, ఆయన మిగిలారు. కిటికీ తెరిచే ఉంది, నాకు అంతా వినపడింది.

"నువ్వు చదివావు కదూ" అన్నారు.

"చదివానండి."

"చెప్పేస్తావా?"

"చెప్తే మీరు తలెత్తుకు తిరగలేరు కదండి. నా పిల్లని పడుకోనిచ్చారు మీరు." పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. "చెప్పనండి. కాని ఒక్కటి మాటివ్వండి. దాన్ని ఖాళీగా ఊపకండి. గవర్రాజు బాబాయి పొట్ట పట్టుకుని తిరుగుతున్నాడండి."

మాస్టారు ఆమెను పని నుంచి తీసేశారు గాని, మాట మాత్రం ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఆమె వైపు చూడలేకపోయారు.

వెళ్ళేముందు దీవెన నా దగ్గరికి వచ్చింది. విరిగిన నా అంచు పట్టుకొని, "నన్ను క్షమించు, నా మూలంగా ఇరిగిపోయావ్" అంది. చూశారా! నేను అడగాల్సిన మాట ఆమె నన్నడిగింది. నేను అప్పుడూ పలకలేదు. పలకడానికి నాకున్నది ఒకే ఒక్క చప్పుడు. అది అడుగు ఉంటేనే వస్తుంది.

ఇప్పుడు నాకు కొత్త అడుగు వేశారు. పాత చెక్కను మాస్టారు పొయ్యిలో పెట్టలేకపోయారు, చిత్రిక పట్టలేకపోయారు. తన బీరువాలో బట్టల కింద దాచుకున్నారు. నా చుట్టూ తాడు కట్టి 'తాకరాదు' అని బోర్డు పెట్టారు. ఇచ్చిన మాట ప్రకారం ఆయన నన్ను ఊపడం లేదు. ఎవరైనా చప్పుడు వినాలంటే, "దానికి పెద్దతనం వచ్చింది, విశ్రాంతి ఇచ్చాం" అంటారు. అలా అన్నప్పుడల్లా ఆయనే ముసలివాడైపోయినట్టు కనిపిస్తారు.

కాని మధ్యాహ్నం మూడు గంటలకు కాలువ మీద నుంచి గాలి వస్తుంది. ఆ కిటికీ వేయడానికి గదిలో ఎవరూ ఉండరు. దీవెన ఉన్నప్పుడు వేసేది. నేను ఖాళీగా ఊగుతాను. కొత్త చెక్క, పాత గొలుసు, అదే కిర్రు. ఆగుదామంటే నాకు చేతుల్లేవు.

టీ ఇవ్వడానికి వచ్చినప్పుడు గవర్రాజు చెప్పగా విన్నాను. దీవెన ఊరి బయట రొయ్యల షెడ్డులో చేరిందట. ఐసులో చేతులు పెట్టి తలలు తీసే పని. పిల్లల్ని లోపలికి రానివ్వరు. శారోనును గవర్రాజు కొట్టులోనే దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టి వెళుతోందట. దానికో తాడు కట్టి, ఆ తాడు తన కాలి బొటనవేలికి చుట్టుకొని, టీ కాస్తూ ఊపుతాడట గవర్రాజు. "నాకు పిల్లల్ని ఆడించడం రాదండి, కాలితో అయితే వస్తంది" అని మాస్టారుతో నవ్వుతూ చెబుతున్నాడు. తను ఎవరి ఉయ్యాలలో ఊగాడో అతనికి ఇప్పటికీ తెలియదు. మాస్టారు టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశారు.

కాని గవర్రాజుకు నొప్పి వస్తే కొట్టు వెనక బస్తా మీద ముడుచుకొని పడుకుంటాడు. అప్పుడు పిల్ల దగ్గర ఎవరుంటారు? పొయ్యి అక్కడే, మరిగే నీళ్ళు అక్కడే, నాలుగడుగుల్లో కాలువ. ఆ పిల్ల ఇప్పుడు పాకే వయసుకు వచ్చుంటుంది. ఈ గాలి వచ్చినప్పుడల్లా నాకు ఇదే ఆలోచన.

మీరు రేవులపాలెం వస్తే నన్ను చూడటానికి రావద్దు. నాలో చూడాల్సిందేమీ లేదు, గుడ్డ తప్ప. లాకుల దగ్గర దిగండి. గవర్రాజు కొట్టులో టీ తాగండి. అక్షరాల సంగతి ఎత్తకండి, దీవెన మాట పోతుంది. నొప్పి ఎలా ఉందని మాత్రం అడగండి. ఆ మాటల్లోనే లోపల వేలాడే చీర వైపు చూడండి. అది ఊగుతుంటే ఊగుతోంది కదా అని వచ్చేయకండి. దగ్గరికి వెళ్ళి, చీర అంచు కొంచెం పక్కకు తీసి, శారోను లోపల ఉందో లేదో చూడండి. ఉంటే నిద్ర లేపకండి. లేకపోతే పిల్ల కోసం కాలువ వైపు పరిగెత్తండి, అరవండి, అందర్నీ పిలవండి. కాని వెళ్ళేముందు ఆ చీరను ఒక్కసారి చేత్తో పట్టుకొని ఆపి వెళ్ళండి.